బిడ్డ కార్ సీటును ముందుకు ఎప్పుడు తిప్పాలి? పుట్టినరోజు కాదు, సీటు మీది లేబుల్ చూడండి

విశాఖపట్నంలో కాపురం. బిడ్డకు ఈమధ్యే ఏడాది నిండింది. రాములవారి మొక్కు తీర్చుకుందామని ఆదివారం పొద్దున్నే కారులో రామతీర్థం బయలుదేరారు. ఆనందపురం దాటకముందే వెనక సీట్లో పంచాయితీ మొదలైంది. పుట్టినప్పటి నుంచి వెనక్కి తిరిగి కూర్చుంటున్న బిడ్డ కాళ్లు ఇప్పుడు సీటుకు తగులుతున్నాయి. "కాళ్లు ముడుచుకుని ఎంతసేపు కూర్చుంటాడమ్మా, ముందుకు తిప్పేయండి" అంటుంది అమ్మమ్మ. "ఏడాది నిండితే తిప్పొచ్చట" అంటాడు నాన్న. "ఆ బెల్టుల గోలంతా ఎందుకు, నా ఒళ్లోకి ఇవ్వండి" అంటారు తాతయ్య.

ఈ మాటలు మీ కారులోనూ వినే ఉంటారు. ముగ్గురిదీ బిడ్డ మీద ప్రేమే. కానీ ముగ్గురు చెప్పిందీ పొరపాటే. బిడ్డ సీటును ఎప్పుడు తిప్పాలో చెప్పేది పుట్టినరోజు కాదు, కాళ్ల పొడవూ కాదు. మరి ఏం చూడాలి? ఎందుకు చూడాలి? వివరంగా తెలుసుకుందాం.

క్లుప్తంగా చెప్పాలంటే

- 15 నెలలు నిండకముందు బిడ్డను ముందుకు తిప్పకండి. ఇది కనీస హద్దు మాత్రమే. 15 నెలలు రాగానే తిప్పాలని కాదు.
- మీ సీటు వెనక్కి తిరిగి ఉన్నప్పుడు ఎంత బరువు, ఎంత ఎత్తు వరకు పనికొస్తుందో దాని లేబుల్ మీద ఉంటుంది. ఆ హద్దు దాటేదాకా వెనక్కే ఉంచండి.
- రెండేళ్లు దాటేదాకా ఉంచగలిగితే మంచిది. నాలుగేళ్ల దాకా ఉంచగలిగితే ఇంకా మంచిది.
- ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా, వెనక్కి తిరిగిన సీటును ఎప్పుడూ పెట్టకండి.
- ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఏ వయసు బిడ్డకూ రక్షణ కాదు.

వెనక్కి తిరిగితే అంత తేడా ఏముంది?

వెనక్కి తిరిగిన సీటు అంటే బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉంటుంది. వీపు డ్రైవర్ వైపు ఉంటుంది. దీన్నే రియర్ ఫేసింగ్ అంటారు. మనందరిలా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటే అది ఫార్వర్డ్ ఫేసింగ్.

ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఎదురుగా గుద్దుకున్నవే. అప్పుడు కారు ఆగిపోతుంది, లోపలున్న మనుషులు మాత్రం అదే వేగంతో ముందుకు వెళ్తారు. ముందుకు తిరిగిన బిడ్డ ఒంటిని బెల్టులు పట్టుకుంటాయి. తలను ఏదీ పట్టుకోదు. అది ముందుకు విసురుగా వెళ్తుంది. ఆ బరువంతా మెడ మీద పడుతుంది.

పెద్దవాళ్ల మెడ ఆ ఊపును కొంతవరకు తట్టుకుంటుంది. పసిబిడ్డ మెడ తట్టుకోలేదు. పుట్టినప్పుడు బిడ్డ తల మొత్తం ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దయ్యాక ఎనిమిదో వంతుకు దగ్గరవుతుంది. అంత పెద్ద తలను మోసే మెడ ఎముకలేమో ఇంకా పూర్తిగా ఎముకలు కావు. మధ్యమధ్య మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అది గట్టిపడటానికి కొన్నేళ్లు పడుతుంది. మెడ సాగితే లోపలున్న వెన్నుపాముకు దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ తగిలిన బిడ్డ బతికినా జీవితాంతం మంచానికే పరిమితం కావచ్చు.

వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డ విషయంలో జరిగేది వేరు. కారు గుద్దుకోగానే బిడ్డ తల, మెడ, వీపు అన్నీ ఒకేసారి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి. దెబ్బ మొత్తం ఆ వెడల్పాటి భాగం మీద పరుచుకుంటుంది. మెడ ఒక్కటే భారం మోయదు. అందుకే వెనక్కి తిరగడం పుట్టిన బిడ్డకు ఎంత మేలో, రెండేళ్ల బిడ్డకూ అంతే మేలు.

"మరి వెనక నుంచి లారీ గుద్దితే?" అని చాలామంది అడుగుతారు. వెనక నుంచి వచ్చిన బండి, మీ బండి సాధారణంగా ఒకే దిక్కుకు పోతుంటాయి కాబట్టి వేగంలో తేడా తక్కువ ఉంటుంది. ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు రెండు వేగాలూ కలుస్తాయి. అందుకే సీటును ఎదురు దెబ్బను దృష్టిలో పెట్టుకునే తిప్పుతారు.

ఒళ్లో గట్టిగా పట్టుకుంటే చాలదా?

చాలదు. చిన్న లెక్క చూడండి. కారు గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తూ గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో 10 కిలోల బిడ్డను పట్టి ఆపాలంటే దాదాపు 200 కిలోల బరువు మోసినంత బలం కావాలి. అదీ రెప్పపాటులో. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. ఎంత బలమున్న తండ్రి చేతుల్లోంచైనా బిడ్డ జారిపోతుంది. మీరు బెల్టు పెట్టుకోకుండా ఒళ్లో పెట్టుకుంటే మీ బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసుకున్నా జరిగేది అదే.

పిల్లల సీట్లు వాడితే ప్రమాదాల్లో పిల్లల మరణాలు 60 శాతం వరకు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర సీటు ముందుకా వెనక్కా అన్న ప్రశ్న కన్నా ముందు తేలాల్సింది ఇదే. సీటు కొని డిక్కీలో పడేసి, బిడ్డను ఒళ్లో పెట్టుకుంటే ఆ సీటు ఉన్నా లేనట్టే.

లేబుల్ మీద ఏముంటుంది? అసలు తికమక ఎక్కడ?

మన దేశంలో పిల్లల సీట్లకు ఏఐఎస్-072 అనే ప్రమాణం ఉంది. ఇది ఐరోపాలో చాలాకాలం నడిచిన ఆర్44 ప్రమాణానికి దగ్గరగా ఉంటుంది. ఇందులో సీట్లను బిడ్డ బరువును బట్టి గ్రూపులుగా విడదీస్తారు.

- గ్రూప్ 0: 10 కిలోల వరకు
- గ్రూప్ 0+: 13 కిలోల వరకు
- గ్రూప్ 1: 9 నుంచి 18 కిలోలు
- గ్రూప్ 2: 15 నుంచి 25 కిలోలు
- గ్రూప్ 3: 22 నుంచి 36 కిలోలు

మన దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేవి రెండు వైపులా తిప్పుకునే సీట్లు. వీటి లేబుల్ మీద తరచుగా కనిపించే మాట ఇది: వెనక్కి తిరిగితే 13 కిలోల వరకు, ముందుకు తిరిగితే 9 కిలోల నుంచి.

తికమక అంతా ఇక్కడే. 9 నుంచి 13 కిలోల మధ్య ఉన్న బిడ్డను లేబుల్ ప్రకారం ఎటు తిప్పినా తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో ఏడాది మగబిడ్డ మధ్యస్థ బరువు 9.6 కిలోలు, ఆడబిడ్డది 8.9 కిలోలు. అంటే సరిగ్గా మొదటి పుట్టినరోజు దగ్గర బిడ్డ ఈ 9 కిలోల గీత దాటుతుంది. "9 దాటాడు, తిప్పేద్దాం" అనుకుంటారు.

9 కిలోలు అనేది 'అంతకంటే తక్కువ ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ ముందుకు తిప్పొద్దు' అనే గీత. 13 కిలోలు అనేది 'ఇక వెనక్కి ఉంచొద్దు' అనే గీత. రెండింటి మధ్య నిర్ణయం మీది. అక్కడ బిడ్డకు మేలు చేసేది వెనక్కి ఉంచడమే. అవే పట్టికల్లో రెండేళ్ల మగబిడ్డ మధ్యస్థ బరువు 12.2 కిలోలు, ఆడబిడ్డది 11.5 కిలోలు. అంటే బరువు ఒక్కటే చూస్తే, ఈ మామూలు సీట్లోనే చాలామంది పిల్లలను రెండేళ్లు దాటేదాకా వెనక్కి ఉంచొచ్చు.

కొత్తగా వస్తున్న సీట్ల మీద ఆర్129 లేదా ఐ-సైజ్ అని ఉంటుంది. ఇవి బరువుతో పాటు ప్రధానంగా ఎత్తును చూస్తాయి. వీటిలో 15 నెలలు నిండేదాకా వెనక్కి ఉంచడం తప్పనిసరి. 105 సెం.మీ. ఎత్తు వరకు వెనక్కి ఉంచగలిగేవీ ఉన్నాయి. ఆ ఎత్తు పిల్లలకు సుమారుగా నాలుగేళ్ల తర్వాతే వస్తుంది.

తిప్పే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

కింది రెండింటిలో ఏ ఒక్కటి జరిగినా, అప్పటికి బిడ్డకు కనీసం 15 నెలలు నిండి ఉంటే, ముందుకు తిప్పొచ్చు.

1. బిడ్డ బరువు, లేబుల్ మీద రియర్ ఫేసింగ్‌కు ఇచ్చిన హద్దును చేరింది.
2. బిడ్డ ఎత్తు హద్దు దాటింది. ఎత్తు అంకె లేని సీటైతే తల చూడండి. నడినెత్తికీ సీటు పై అంచుకూ మధ్య అంగుళం కన్నా తక్కువ ఖాళీ ఉంటే ఆ సీటు చిన్నదైపోయినట్టే. మీ సీటు పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

ఒకవేళ 15 నెలలు నిండకముందే సీటు చిన్నదైపోతే? అప్పుడు కూడా ముందుకు తిప్పకూడదు. వెనక్కే ఉంచగలిగే ఇంకాస్త పెద్ద సీటు తీసుకోవాలి. బుట్టలా చేత్తో మోసుకెళ్లే సీటు వాడేవాళ్లకు ఈ సమస్య ముందే వస్తుంది. బరువు కన్నా ముందే తల అంచుకు వచ్చేస్తుంది.

కాళ్లు ముడుచుకోవాలి కదా? ఏడుస్తాడు కదా?

అమ్మమ్మ బాధ ఇదే. ఇంట్లో బిడ్డ ఎలా కూర్చుంటాడో ఒకసారి చూడండి. మఠం వేసుకుని కూర్చుంటాడు. కాళ్లు పైకెత్తి ఆడుకుంటాడు. కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. మనకు ఇబ్బందిగా కనిపించే భంగిమ వాళ్లకు అలవాటే. వెనక్కి తిరిగిన పిల్లలకు కాళ్లు విరిగిన సందర్భాలు అరుదు. ముందుకు తిరిగితేనే కాళ్లు ఎగిరి ముందు సీటు వీపుకు కొట్టుకునే వీలుంది. అయినా విరిగిన కాలు అతుక్కుంటుంది. వెన్నుపాము అతుక్కోదు.

ఏడుపు సంగతి వేరు. అది నిజమైన ఇబ్బందే. చాలాసార్లు కారణం దిశ కాదు. బెల్టు నలిగి గుచ్చుకోవడం, ఏసీ గాలి వెనక్కి తగలకపోవడం, ఆకలి, తడిసిన డైపర్. ముందు వీటిని చూడండి. అమ్మ గానీ అమ్మమ్మ గానీ పక్కన కూర్చుంటే బిడ్డకు ముఖం కనిపిస్తుంది, సగం ఏడుపు తగ్గుతుంది. అప్పటికీ ఆగకపోతే బండి పక్కకు ఆపి బయటకు తీసి ఎత్తుకోండి. నడుస్తున్న బండిలో బెల్టు విప్పి ఒళ్లోకి తీసుకోవద్దు.

'రెండేళ్లు' అనే లెక్క ఎక్కడిది?

ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట ఏడాది, మరోచోట రెండేళ్లు, ఇంకోచోట నాలుగేళ్లు అని కనిపిస్తుంది. దీనికీ ఒక కథ ఉంది.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఒకప్పుడు ఏడాది వయసు, 20 పౌండ్ల బరువును హద్దుగా చెప్పేది. 2011లో దాన్ని రెండేళ్లకు పెంచింది. అలా పెంచడానికి ఆధారాల్లో ఒకటి 2007లో 'ఇంజురీ ప్రివెన్షన్' పత్రికలో వచ్చిన అధ్యయనం. తర్వాత ఆ లెక్కలను మళ్లీ చూస్తే పొరపాట్లు బయటపడ్డాయి. ఆ వ్యాసాన్ని పత్రిక 2018లో ఉపసంహరించుకుంది.

అయితే వెనక్కి తిప్పడం దండగ అని తేలిందా? లేదు. ప్రమాదాల రికార్డుల్లో సీట్లు వాడిన ఆ వయసు పిల్లల్లో తీవ్రంగా గాయపడినవాళ్ల సంఖ్య తక్కువ. అందుకే 'ఫలానా నెల దాకా ఇన్ని రెట్లు మేలు' అని ఆ లెక్కలతో కచ్చితంగా చెప్పలేకపోయారు. కానీ బొమ్మలతో చేసే పరీక్షల్లో మెడ మీద పడే భారం, ఒంటి నిర్మాణం గురించి తెలిసిన విషయాలు, స్వీడన్ అనుభవం అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. 2018 ఆగస్టులో ఆ సంఘం తన సలహాను మళ్లీ సవరించింది. ఈసారి వయసు అంకెనే తీసేసింది. సీటు అనుమతించినంత బరువు, ఎత్తు వచ్చేదాకా వెనక్కే ఉంచమంది.

స్వీడన్ ఈ విషయంలో మిగతా దేశాలకన్నా ముందు నడిచింది. రాకెట్‌లో వ్యోమగాములు వెల్లకిలా పడుకుని, దెబ్బను వీపు మొత్తం మీద పంచుకోవడం చూసి ఆ దేశ ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960లలో వెనక్కి తిరిగే పిల్లల సీటు తయారుచేశారు. అక్కడ నాలుగేళ్ల దాకా పిల్లలను వెనక్కే కూర్చోబెట్టడం మామూలు విషయం.

మన చట్టం ఏమంటోంది?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి అనే సెక్షన్ ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే రూ.1,000 జరిమానా. అది అమల్లోకి వచ్చింది 2019 సెప్టెంబరు 1న. సీటు ముందుకు ఉండాలా, వెనక్కి ఉండాలా అని ఆ సెక్షన్ చెప్పదు. కాబట్టి ఏడాది బిడ్డను ముందుకు తిప్పినందుకు పోలీసులు చలానా రాయరు. చలానా లేనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు.

అమలు విషయానికొస్తే, 2024 అక్టోబరులో కేరళ రవాణా శాఖ పిల్లల సీట్లు తప్పనిసరి చేస్తామని, డిసెంబరు నుంచి జరిమానాలు వేస్తామని ప్రకటించింది. విమర్శలు రావడంతో రవాణా మంత్రి కె.బి.గణేశ్ కుమార్ వెంటనే వెనక్కి తగ్గారు. ముందు అవగాహన కల్పిస్తామన్నారు. చట్టం కాగితం మీద ఉన్నా, అమలు ఇంకా తల్లిదండ్రుల చేతుల్లోనే ఉంది.

కొత్త కారు కొంటున్నారా? 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దల భద్రతకు, పిల్లల భద్రతకు విడివిడిగా స్టార్లు ఇస్తారు. పిల్లల విభాగంలో 18 నెలల బిడ్డ, మూడేళ్ల బిడ్డ సైజు బొమ్మలతో పరీక్షిస్తారు. షోరూమ్‌లో 'ఫైవ్ స్టార్' అనగానే సరిపెట్టుకోకుండా పిల్లల స్టార్లు ఎన్నో అడగండి. వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేదో చూడండి.

ముందు సీట్లో పెట్టుకుంటే బిడ్డ కనిపిస్తుంది కదా?

ఒంటరిగా నడిపే తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మన దేశంలో తయారయ్యే కార్లలో ఇప్పుడు డ్రైవర్‌తో పాటు పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. పెద్దల ప్రాణం కాపాడే ఆ బ్యాగు, వెనక్కి తిరిగిన సీటు వీపును బిడ్డ తల మీదికి కొడుతుంది. తెరుచుకునే వేగం కన్ను ఆర్పేంత సమయం కూడా ఇవ్వదు. 2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీట్లో తల్లి ఒళ్లో ఉన్న రెండేళ్ల పాప ఎయిర్‌బ్యాగ్ వల్ల చనిపోయిందని వార్తలు వచ్చాయి.

కాబట్టి పిల్లల సీటు స్థానం వెనక వరుసే. బిడ్డను చూడాలంటే అద్దంలో చూడటం కన్నా బండి ఆపి చూడటం మేలు.

అమెరికా నుంచి తెచ్చిన సీటు ఇక్కడ పనికొస్తుందా?

మన తెలుగు ఇళ్లలో ఇది ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న. కాలిఫోర్నియాలో 2017 జనవరి 1 నుంచి రెండేళ్లలోపు పిల్లలను వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం చట్టం. బిడ్డ 40 పౌండ్లు లేదా 40 అంగుళాలు చేరితేనే మినహాయింపు. న్యూజెర్సీలోనూ రెండేళ్లు, 30 పౌండ్ల లెక్కతో ఇలాంటి చట్టమే ఉంది. అక్కడి నుంచి సెలవులకు వచ్చే అమ్మాయి, అల్లుడు సీటు వెంట తెస్తారు. వెళ్లేటప్పుడు ఇక్కడి తోడబుట్టినవాళ్లకు ఇచ్చి వెళ్తారు.

ఆ సీట్లలో ఒక మంచి ఉంది. చాలావాటిలో 40 పౌండ్లు, అంటే 18 కిలోల దాకా వెనక్కి ఉంచొచ్చు. ఒక చిక్కూ ఉంది. అమెరికా కార్లలో సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి వదిలితే అది బిగుసుకుని లాక్ అవుతుంది. మన కార్ల బెల్టులు చాలావరకు కుదుపు వచ్చినప్పుడే లాక్ అవుతాయి, మామూలుగా వదులుగానే ఉంటాయి. ఆ సీటును మన బెల్టుతో కడితే కదులుతూ ఉంటుంది. సీటుకే బెల్టును బిగించే లాక్ ఉందేమో చూడండి. లేకపోతే సీటుతో పాటు ఇచ్చే లాకింగ్ క్లిప్ వాడాలి. కారులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే సీటు పుస్తకంలో చెప్పినట్టు వాటికి తగిలించండి.

ఎవరిచ్చిన పాత సీటైనా మూడు విషయాలు అడగండి. ఎప్పుడైనా ప్రమాదంలో పడిందా? గడువు తేదీ దాటిందా? లేబుల్, పుస్తకం ఉన్నాయా? ఒక్కదానికైనా సరైన జవాబు రాకపోతే దండం పెట్టి వదిలేయండి.

బిగించేటప్పుడు ఇవి చూసుకోండి

- కదలిక: బెల్టు దూరే చోట సీటును పట్టుకుని ఊపండి. ఎటూ అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు.
- వాలు: పసిబిడ్డ తల గడ్డం మీదికి వాలిపోతే ఊపిరి అందదు. సీటు పక్కన ఉండే గీత నేలకు సమాంతరంగా వచ్చేలా వాల్చండి.
- భుజం పట్టీలు: వెనక్కి తిరిగినప్పుడు పట్టీలు భుజాలకు సమానంగా లేదా కాస్త కింద నుంచి రావాలి. ముందుకు తిప్పాక భుజాలకు సమానంగా లేదా కాస్త పైనుంచి రావాలి. తిప్పిన రోజు చాలామంది మరిచిపోయేది ఇదే.
- బిగువు: బెల్టు పెట్టాక భుజం దగ్గర పట్టీని వేళ్లతో చిటికెలా పట్టుకోండి. మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే.
- బట్టలు: మందపాటి స్వెటర్ వేసి బెల్టు పెడితే లోపల ఖాళీ ఉండిపోతుంది. బెల్టు పెట్టాకే పైన దుప్పటి కప్పండి.
- ఎండ: కొండ కింద ఎండలో బండి ఆపి దర్శనానికి వెళ్తే బకిల్ చుర్రుమంటుంది. సీటు మీద తెల్ల గుడ్డ కప్పి వెళ్లండి. వచ్చాక ముందు మీ చెయ్యి ఆనించి చూడండి. బిడ్డను మాత్రం ఒక్క నిమిషమైనా కారులో వదలొద్దు.
- విరామం: రెండు గంటలకు మించి ఏకబిగిన సీట్లో ఉంచొద్దు. విశాఖ నుంచి రామతీర్థం సుమారు 70 కి.మీ. ట్రాఫిక్ ఉంటే విజయనగరంలో ఒకసారి ఆగి బిడ్డను బయటకు తీయండి. నెలల పసికందైతే ఇంకా తరచుగా ఆగాలి.

క్యాబ్, ఆటో, బైక్ సంగతి?

క్యాబ్‌కు మీ సీటు మీరే తీసుకెళ్లాలి. మన క్యాబ్‌లలో వెనక సీటు కవర్ కింద బకిళ్లు కూరుకుపోయి ఉంటాయి. బుక్ చేశాక డ్రైవర్‌కు ఫోన్ చేసి, "వెనక బెల్టులు బయటకు తీసి ఉంచండి అన్నా" అని ముందే చెప్పండి.

ఆటోలో పిల్లల సీటు కట్టే వీలు లేదు. హైవే మీద పసిబిడ్డతో ఆటో ప్రయాణం మానుకోవడమే మంచిది. తప్పనిసరైతే బిడ్డను ఎత్తుకున్నవాళ్లు అంచున కాకుండా మధ్యలో కూర్చోవాలి.

బైక్‌కు వేరే నిబంధన ఉంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి నాలుగేళ్లలోపు పిల్లలను బైక్ మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టుకునే హార్నెస్ తప్పనిసరి. 9 నెలలు దాటిన బిడ్డకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కి.మీ. మించకూడదు.

ముందుకు తిప్పాక పని అయిపోయినట్టేనా?

కాదు. ముందుకు తిప్పిన సీటుకు పై పట్టీ ఉంటే దాన్ని కారు వెనక ఉన్న కొక్కేనికి తగిలించాలి. తల ముందుకు ఊగే దూరాన్ని అది తగ్గిస్తుంది. భుజం పట్టీలున్న సీటును దాని హద్దు, అంటే 18 కిలోలో 25 కిలోలో, వచ్చేదాకా వాడాలి. ఆ తర్వాత బూస్టర్. సుమారు 145 సెం.మీ. ఎత్తు వచ్చి, బెల్టు మెడ మీదికి కాకుండా భుజం మీదుగా, పొట్ట మీదికి కాకుండా తొడల మీదుగా వచ్చినప్పుడే మామూలు సీటు బెల్టు. సీటు మార్చిన ప్రతిసారీ రక్షణ కొంత తగ్గుతుంది. అందుకే ఏ మార్పుకూ తొందరపడొద్దు.

ఇప్పుడే చేయాల్సింది

ఇది చదివాక ఫోన్ పక్కన పెట్టి కారు దగ్గరికి వెళ్లండి. సీటు పక్కనో వెనకో ఉన్న లేబుల్‌ను ఫొటో తీసుకోండి. బిడ్డ టీకా కార్డులో చివరిసారి రాసిన బరువు చూడండి. పాతదైతే ఇంట్లో తూకం మీద మీరు బిడ్డను ఎత్తుకుని నిల్చోండి. వచ్చిన అంకెలోంచి మీ బరువు తీసేయండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే జవాబు తెలిసిపోతుంది.

తర్వాతి ప్రయాణంలో వెనక సీట్లో మళ్లీ అదే పంచాయితీ మొదలైతే, "ఇంకా రెండు కిలోలు పెరగాలి అమ్మమ్మా, అప్పుడు తిప్పుతాం" అని చెప్పొచ్చు. తాతయ్యకు ఒళ్లో ఎత్తుకోవాలనే ఉంటుంది. కొండ కింద బండి ఆగాక ఆ ముచ్చట తీర్చుకోవచ్చు.